ఫెన్సింగు కత్తికి ఇటాలియన్ పిడి: కొనేముందు తెలుసుకోవలసినవి

మన హాస్టలు స్టోర్ రూమ్ తలుపు వెనక, క్యారమ్ బోర్డు పక్కన, గోనెసంచి చుట్టిన పొడవాటి వస్తువు ఒకటి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా చేరిన తమ్ముళ్ళు దాన్ని చూసి "అన్నా, అది నిజం కత్తేనా?" అని అడుగుతారు. నిజం కత్తే. కాకపోతే దానికి పదును ఉండదు. అది ఫెన్సింగు ఆటలో వాడే ఫాయిల్. దానికి ఉన్న పిడి మాత్రం మన చుట్టుపక్కల ఆటగాళ్ళ దగ్గర మాకు ఇంతవరకూ కనిపించలేదు. దాన్ని ఇటాలియన్ పిడి అంటారు. అది మన హాస్టలుకు చేరడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ఒకసారి డబ్బు కూడా పోయింది. ఆ అనుభవం మీ అందరికీ పనికొస్తుందనే ఈ వార్షికోత్సవ సంచికకు ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా మా సంగతి రెండు మాటల్లో చెబుతాం. మేము ఒకే గదిలో ఉండే నలుగురం. అవనిగడ్డ, మొవ్వ, కైకలూరు వైపుల నుంచి వచ్చినవాళ్ళం. ఇది రాస్తున్న చెయ్యి ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి చెయ్యి కూడా ఇదే. ఫెన్సింగు మాకు కాలేజీలో వ్యాయామ ఉపాధ్యాయుడి వల్ల పరిచయమైంది. రెండు కత్తులు, రెండు ముసుగులతో పదిమందికి వంతులవారీగా నేర్పారు. మొదట నవ్వులాటగా వెళ్ళాం. తర్వాత వదల్లేకపోయాం.

మూడు కత్తులు

ఫెన్సింగులో మూడు రకాల కత్తులు ఉన్నాయి: ఫాయిల్, ఎపే, సేబర్. ఫాయిల్ తేలికైనది. దాని బరువు 500 గ్రాముల లోపు ఉండాలి. మొనతో మాత్రమే పొడవాలి, అదీ మొండెం మీదే. చేతులకూ కాళ్ళకూ తగిలితే పాయింటు రాదు. ఎపే బరువు 770 గ్రాముల లోపు. అదీ మొనతోనే గానీ శరీరంలో ఎక్కడ తాకినా పాయింటే. సేబర్ కూడా 500 గ్రాముల లోపే. దానితో పొడవవచ్చు, అంచుతో కొట్టనూవచ్చు. చేతి పంజాలు తప్ప నడుము పైభాగం లక్ష్యమే.

ఫాయిల్, ఎపే మొనల దగ్గర చిన్న స్ప్రింగు బొత్తాం ఉంటుంది. ఫాయిల్ బొత్తాం 500 గ్రాముల బరువును తిరిగి పైకి లేపగలగాలి, ఎపే బొత్తాం 750 గ్రాములను. పోటీకి ముందు బరువు పెట్టి పరీక్షిస్తారు. బొత్తాం నొక్కుకోగానే కరెంటు సంకేతం పోయి బల్ల మీద లైటు వెలుగుతుంది. ఒలింపిక్సులో ఎపేకి ఈ విద్యుత్ పద్ధతి 1936లో, ఫాయిల్‌కి 1956లో వచ్చింది.

ఈ మూడింటిలో ఇటాలియన్ పిడి అనేది ఫాయిల్, ఎపేలకు సంబంధించినది. సేబర్ పిడి వేరు. దానికి వేళ్ళ ముందు కాపుగా గార్డు వంపు తిరిగి ఉంటుంది. కాబట్టి కొనే ముందు మన చేతిలో ఉన్న కత్తి ఏదో తెలియాలి. తెలియకుండా కొనేవాళ్ళు ఉంటారా అని నవ్వకండి. మేము అంతకంటే పెద్ద తప్పే చేశాం.

పిడి అంటే ఏమిటి?

ఇంట్లో ఫోన్ చేసి "కత్తి పిడి కోసం డబ్బులు దాస్తున్నాం నాన్నా" అంటే మా నాన్న "కొడవలి పిడి అయితే నేనే తొడుగుతాను గదరా, దానికి డబ్బులెందుకు?" అన్నారు. ఆయన అడిగింది సబబే. కొడవలికి వెనక సన్నటి తోక ఉంటుంది. దాన్ని కాల్చి తుమ్మ పిడిలోకి దిగ్గొడతారు. ఫెన్సింగు కత్తికీ తోక ఉంటుంది. కానీ దిగ్గొట్టరు. తోక చివర మరలు ఉంటాయి. బ్లేడు తోకకి ముందు గిన్నెలాంటి గార్డు, తర్వాత కరెంటు తీగ తగిలించే సాకెట్టు, ఆపైన మెత్తటి ప్యాడు, తర్వాత పిడి, అన్నిటికంటే వెనక ఒక నట్టు. ఆ నట్టు బిగిస్తే మొత్తం ఒకటవుతుంది, విప్పితే దేనికది విడిపోతుంది. అందుకే బ్లేడు విరిగితే పిడి మిగులుతుంది, పిడి నచ్చకపోతే బ్లేడు మిగులుతుంది.

ఒక దేశపు బ్లేడుకు ఇంకో చోటి పిడి వెయ్యడం మనకు కొత్త కాదు. పోర్చుగీసువాళ్ళ కాలంలో ఐరోపా బ్లేడులు సముద్రం మీద వస్తే వాటికి మనవాళ్ళు మన పద్ధతి పిడి వేసి వాడుకున్నారు. అలాంటి కత్తిని ఫిరంగి అనేవారు. ఇప్పుడు ఆ మాట చెబితే మనకు గుర్తొచ్చేది తుపాకి గుండు పేల్చే ఫిరంగి.

ఇప్పుడు పిడుల్లో రకాలు చూద్దాం.

మొదటిది ఫ్రెంచి పిడి. తిన్నగా, కొద్దిగా వంపుతో, రోకలి పిల్లలా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు కత్తిని నడిపిస్తాయి. మిగిలిన మూడు వేళ్ళు పిడిని అరచేతికి అదిమి పెట్టి ఆ పనికి తోడ్పడతాయి. నేర్చుకునేవాళ్ళకు మొదట ఇదే ఇస్తారు.

రెండోది పిస్తోలు పిడి. పిస్తోలు పట్టుకున్నట్టే పట్టుకోవాలి. వేళ్ళ మధ్యకు దూరే కొమ్ములు ఉంటాయి. పట్టు గట్టిగా కుదురుతుంది. నేటి పోటీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనిలో కుడిచేతిది వేరు, ఎడమచేతిది వేరు.

మూడోది మన కథలోని ఇటాలియన్ పిడి. గార్డు వెనక చిన్న అడ్డకడ్డీ ఉంటుంది. దాన్ని గార్డుతో కలుపుతూ రెండు వైపులా రెండు చిన్న కమానులు ఉంటాయి. ఆ మధ్యలో బ్లేడు తోక మొదలయ్యే చోట చదునైన ఇనప పలక ఉంటుంది. దాన్ని రికాసో అంటారు. చూపుడువేలు, నడిమివేలు అడ్డకడ్డీ దాటి ఈ రికాసో చుట్టూ పట్టుకుంటాయి. బొటనవేలు పలక మీద ఆనుతుంది. ఉంగరంవేలు, చిటికెనవేలు వెనకున్న పొట్టి చెక్క పిడి మీద ఉంటాయి. వెనక నట్టు మణికట్టు దగ్గరికి వస్తుంది. సంప్రదాయంగా ఆ నట్టునూ మణికట్టునూ కలిపి ఒక పట్టీ కడతారు. అంటే కత్తి చేతికి కొనసాగింపులా నిలబడుతుంది.

పాతకాలపు రేపియర్ కత్తికి అడ్డకడ్డీ ఉండేది, వేళ్ళు దాని మీదుగా వేసి పట్టేవారు. ఇతర దేశాలు పిడిని సులువు చేసుకుంటే ఇటలీవాళ్ళు ఆ పట్టును నిలబెట్టుకున్నారు. 1884లో రోములో ఫెన్సింగు గురువులను తయారుచేసే పాఠశాల ఏర్పడింది. నేపుల్స్‌కు చెందిన మసానియెల్లో పరీజె దానికి నాయకత్వం వహించారు.

లివోర్నో నుంచి సామర్లకోట దాకా

ఇటలీ పడమటి తీరాన లివోర్నో అనే రేవు పట్నం ఉంది. మనకు బందరు ఎలాగో వాళ్ళకు అలాంటిది. ఆ ఊరివాడైన నేదో నాది 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సులో ఒక్కడే ఐదు బంగారు పతకాలు గెలిచాడు: ఫాయిల్, సేబర్ వ్యక్తిగత పోటీల్లో రెండు, మూడు కత్తుల జట్టు పోటీల్లో మూడు. ఆయనకూ ఆయన తమ్ముడు ఆల్దోకూ కత్తి నేర్పింది వాళ్ళ నాన్నే.

అదే లివోర్నోకు మన తెలుగింటి అమ్మాయి ఒకరు వెళ్ళి కోచ్ నికోలా జానోట్టి దగ్గర సాధన చేశారు. ఆమె భవానీ దేవి. పుట్టింది 1993లో, చెన్నైలో. నాన్నగారిది సామర్లకోట. 2004లో బడిలో ఆటలు ఎంచుకోమన్నప్పుడు ఫెన్సింగులో ఖాళీ ఉందని అందులో చేరారు. విద్యుత్ కత్తులు ఖరీదని వాటిని పోటీలకు దాచుకుని వెదురు కర్రలతో సాధన చేసేవాళ్ళమని ఆమె చెప్పారు. 2007లో తొలి అంతర్జాతీయ పోటీకి మూడు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి బ్లాక్ కార్డుతో బయటికి వచ్చారు. ఆమే ఒలింపిక్సుకు అర్హత సాధించిన తొలి భారతీయ ఫెన్సర్ అయ్యారు. 2021 జూలై 26న టోక్యోలో మొదటి బౌటు 15–3తో గెలిచి, రెండోది ఫ్రాన్సు క్రీడాకారిణి మనోన్ బ్రూనె చేతిలో 7–15తో ఓడారు. 2023లో ఆసియా చాంపియన్‌షిప్‌లో ప్రపంచ చాంపియన్ మిసాకి ఎమురాను ఓడించి కాంస్యం తెచ్చారు. ఆ పోటీల్లో మన దేశానికి అదే తొలి పతకం.

ఆమెది సేబర్. కాబట్టి మా పిడికీ ఆమెకూ నేరుగా సంబంధం లేదు. అయినా వెదురు కర్రల సంగతి చదివిన రోజున మా గదిలో ధైర్యం పెరిగింది. సామాను లేకపోవడం అనేది ఆట మానడానికి కారణం కానక్కర్లేదని మాకు అప్పుడు అనిపించింది.

మాకు ఈ పిడి ఎందుకు కావలసి వచ్చింది?

మా నలుగురిలో చిన్నవాడు డిగ్రీ మొదటి సంవత్సరం. పేరు రాయవద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే రాస్తాం. తొమ్మిదో తరగతిలో ఉండగా దాళ్వా కోతల్లో అమ్మానాన్నలకు సాయం వెళ్ళి కుడిచేతిని కొడవలితో కోసుకున్నాడు. గాయం మానింది గానీ ఉంగరంవేలు, చిటికెనవేలు పూర్తిగా ముడుచుకోవు. రాయడానికి ఇబ్బంది లేదు. అన్నం కలుపుకోడానికి ఇబ్బంది లేదు. ఫెన్సింగులో మాత్రం వచ్చింది.

వాడి కాళ్ళు మా అందరికంటే చురుకు. దూరం అంచనా కూడా బాగా తెలుసు. కానీ ఎదుటివాడు బ్లేడు మీద గట్టిగా కొడితే ఫ్రెంచి పిడి చేతిలోంచి తిరిగిపోయేది. వెనక వేళ్ళు అదిమి పట్టలేవు కదా. పిస్తోలు పిడి ఇచ్చి చూశారు. మా దగ్గరున్న రకానికి వెనక రెండు వేళ్ళతో లాగి పట్టుకోవాలి. అదీ కుదరలేదు. రెండు సార్లు కత్తి కింద పడింది. మూడోసారి పడినప్పుడు ఎవరో నవ్వారు. ఆ సాయంత్రం నుంచి తమ్ముడు ప్రాక్టీసుకు రాలేదు. అడిగితే "పరీక్షలున్నాయన్నా" అన్నాడు. పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది.

వ్యాయామ ఉపాధ్యాయుడికి చెబితే ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. "ఇటాలియన్ పిడిలో ముఖ్యమైన పని ముందు వేళ్ళది. చూపుడువేలు, నడిమివేలు, బొటనవేలు బాగుంటే చాలు. వెనక పట్టీ ఉంటుంది. వాడికి అది సరిపోవచ్చు. కానీ నా దగ్గర లేదు, ఎక్కడ దొరుకుతుందో మీరే వెతకాలి" అన్నారు. అలా మొదలైంది మా వేట.

మేము చేసిన తప్పు

ఆదివారాలు పెళ్ళిళ్ళకు క్యాటరింగు పనికి వెళ్ళి నలుగురం కలిపి 2,600 రూపాయలు పోగుచేశాం. ఫోన్‌లో వెతికితే ఒక దుకాణంలో బొమ్మ కనిపించింది. ఇటాలియన్ అని రాసి ఉంది. వెంటనే డబ్బు కట్టేశాం. కొలతలు అడగలేదు. మన కత్తి కొలతలు వాళ్ళకు చెప్పలేదు.

పిడి వచ్చింది. బాగానే ఉంది. కానీ మా బ్లేడు తోకకు తొడిగితే తోక చివర పిడి లోపలే ఆగిపోయింది. మరలు బయటికి రాలేదు. నట్టు దేనికి బిగించాలి? పైగా ఆ పిడికి రికాసో ఉన్న ప్రత్యేకమైన బ్లేడు కావాలి. మాది మామూలు బ్లేడు. తిరిగి పంపుతామంటే తెరిచిన సరుకు తీసుకోమన్నారు. తప్పు వాళ్ళది అనడం కంటే మాది అనడమే న్యాయం. చెప్పుల జత కొనేటప్పుడు కూడా కాలి కొలత చెబుతాం కదా.

ఆటోనగర్ పాఠం

తోకకు ముక్క అతికించి పొడవు పెంచవచ్చేమోనని ఆటోనగర్ వెళ్ళాం. లారీ బాడీలు కట్టే చోట, లేతు షాపుల వరసలో ఒక మేస్త్రి దగ్గర కత్తి పెట్టాం. ఆయన ముందు మమ్మల్ని అనుమానంగా చూశారు. హాస్టలు గుర్తింపు కార్డు, కాలేజీ ఉత్తరం చూపించాక నవ్వి, బ్లేడు చేతిలోకి తీసుకున్నారు.

తోక చివర చూసి "తమ్ముడూ, దీన్ని ఎవరో ముందే కోసేశారు. ఇక్కడ రంపం గీతలు చూడు" అన్నారు. అప్పుడు అర్థమైంది. ఆ బ్లేడు అంతకుముందు పిస్తోలు పిడికి వాడారు. కొత్త బ్లేడుకు తోక పొడవుగా వస్తుంది. పిస్తోలు పిడి పొట్టిది కాబట్టి తోకను కోసి బిగిస్తారు. ఒకసారి కోసిన తోక మళ్ళీ పెరగదు. మా తోక 11 సెంటీమీటర్లే మిగిలింది.

"వెల్డింగు పెట్టండి బాబాయ్" అని అడిగాం. ఆయన ఒప్పుకోలేదు. "ఇది స్ప్రింగు ఉక్కులాంటిది. వేడి పెడితే దాని గుణం పోతుంది. అతుకు పక్కన విరుగుద్ది. విరిగితే ఎదుటి పిల్లాడి సంగతేంటి?" అన్నారు. డబ్బు వస్తుంటే కాదన్న మనిషి మాట మేము మర్చిపోలేదు.

ఆయనే మరల సంగతి కూడా చెప్పారు. పిచ్ గేజ్ పెట్టి చూసి, మాది 6 మిల్లీమీటర్ల మర, 1 మిల్లీమీటరు పిచ్ అని తేల్చారు. ఈనాటి బ్లేడుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. పాతవాటికీ, కొన్ని దేశాల సరుకుకూ వేరే మరలు ఉంటాయి. బలవంతంగా తిప్పితే మొదటి రెండు చుట్లు ఎక్కి, తర్వాత మరలే చెడిపోతాయి. వెర్నియర్ కాలిపర్స్ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మార్కుల కోసం పట్టుకున్నాం. అది నిజంగా దేనికి పనికొస్తుందో ఆ షాపులో చూశాం.

కొండపల్లిలో చెక్క పిడి చేయిస్తే ఎలా ఉంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చాలా తేలిక, మెత్తన. బొమ్మకు అదే గుణం. బరువును, లాగుడును తట్టుకోవలసిన పిడికి అది సరిపోదు. పైగా ఇటాలియన్ పిడిలో అసలు భారం మోసేది చెక్క కాదు, అడ్డకడ్డీ, కమానుల లోహం.

పూర్వ విద్యార్థి అడిగిన ఆరు ప్రశ్నలు

చివరికి మన హాస్టలు పూర్వ విద్యార్థి ఒకరు ఆదుకున్నారు. ఆయన జర్మనీలో ఉద్యోగం చేస్తున్నారు. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నారు. అయితే వెంటనే సరేననలేదు. ముందు అక్కడి దుకాణంలో కనుక్కుని ఆరు ప్రశ్నలు రాసి పంపారు. వాటికి జవాబులు రాయడమే మాకు అసలైన చదువు అయ్యింది. ఎవరు కొనాలన్నా ఈ ఆరూ ముందు కాగితం మీద రాసుకోవాలి.

1. కత్తి ఏది? ఫాయిలా, ఎపేనా? గార్డు వ్యాసం ఎంత? ఫాయిల్ గార్డు 12 సెంటీమీటర్లకు మించకూడదు. ఎపేది 13.5 దాకా ఉండవచ్చు. అడ్డకడ్డీ గార్డు నీడలోనే ఇమడాలి, బయటికి పొడుచుకు రాకూడదు.

2. బ్లేడుకు సొంత రికాసో ఉందా, మామూలు తోకా? సంప్రదాయ పిడికి రికాసో ఉన్న బ్లేడు కావాలి. రికాసోను పిడిలోనే గొట్టంలా పోతపోసి, మామూలు తోక దూరేటట్టు చేసినవి వేరే ఉన్నాయి. కొత్తవాళ్ళకు ఈ రెండో రకమే మంచిది. బ్లేడు విరిగితే మామూలు బ్లేడు మళ్ళీ వేసుకోవచ్చు.

3. తోక పొడవెంత? కోసినదా, కోయనిదా? తిన్నగా ఉందా, వంచారా? ఫ్రెంచి పిడికి వాడేవాళ్ళు తోకను కొద్దిగా వంచుకుంటారు. వంగిన తోక లోహపు గొట్టంలోంచి దూరదు. ఇంకో లెక్క గుర్తుంచుకోండి. ఫాయిల్ మొత్తం పొడవు 110 సెంటీమీటర్లు మించకూడదు. బ్లేడు 90 దాకా ఉంటుంది. కాబట్టి గార్డు నుంచి వెనక నట్టు చివరి వరకు మిగిలేది 20 సెంటీమీటర్లే.

4. మర ఏది? పిడితో పాటు దానికి తగిన నట్టు కూడా వస్తుందా? నట్టు విడిగా కొంటే మర తేడా రావచ్చు. రెండూ ఒకే చోట కొనడం మేలు.

5. సాకెట్టుకు చోటుందా? విద్యుత్ ఫాయిల్‌లో సాకెట్టు గార్డు లోపల, వేళ్ళ పక్కన ఉంటుంది. ఇటాలియన్ పిడిలో కమానులు ఆ చోటును చాలావరకు తినేస్తాయి. సాకెట్టు మోడల్ చెప్పకుండా కొంటే కమానుకు తగిలి కూర్చోదు. సాధనకు మామూలు కత్తి చాలు గానీ పోటీకి విద్యుత్ కత్తి తప్పదు.

6. చెయ్యి ఎంత? గ్లౌజు తొడుక్కుని అరచేతి వెడల్పు కొలవాలి. ఉత్తి చెయ్యి కొలత ఇస్తే గ్లౌజుతో వేళ్ళు కమానుల్లో ఇరుక్కుంటాయి. ఇటాలియన్ పిడి తిన్నగా రెండువైపులా ఒకేలా ఉంటుంది కనుక కుడి ఎడమ తేడా సాధారణంగా రాదు. అయినా రాసి పంపడం మంచిది.

ఏడో ప్రశ్న మేము చేర్చుకున్నాం: మొత్తం ఎంత అవుతుంది? పిడి ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. విదేశం నుంచి పార్సిలు తెప్పిస్తే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుస్తాయి. నట్టు, ప్యాడు, పట్టీ విడిగా అమ్మవచ్చు. అన్నీ కలిపి లెక్క వేసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టాలి.

బిగించాక ఏం చూడాలి?

సంక్రాంతికి అన్నగారు పిడి తెచ్చారు. డబ్బు తీసుకోమంటే సగమే తీసుకుని, "మిగతా సగం మీ తర్వాత వచ్చేవాడికి ఏదైనా కొనండి" అన్నారు. తోక కోయని బ్లేడు ఒకటి కాలేజీ బీరువాలో ఉంటే వ్యాయామ ఉపాధ్యాయుడు ఇచ్చారు. గదిలో దుప్పటి పరిచి, ఒక్కొక్క భాగం వరసగా ఎక్కించి బిగించాం.

మొదటి పరీక్ష ఊగులాట. పిడి పట్టుకుని బ్లేడును పక్కలకు ఊపితే ఎక్కడా కటకట శబ్దం రాకూడదు. వస్తే నట్టు వదులైనా అయి ఉంటుంది, ప్యాడు పల్చనైనా అయి ఉంటుంది. రెండో పరీక్ష తూకం. కత్తిని ఒక వేలి మీద అడ్డంగా పెట్టి ఎక్కడ నిలుస్తుందో చూడాలి. కావడి మోసేవాడు బరువులను బట్టి భుజం మీద కర్రను ముందుకీ వెనక్కీ జరుపుకుంటాడు కదా, ఇదీ అంతే. పిడిలో లోహం ఎక్కువైతే తూకం చేతి వైపు జరుగుతుంది. మొన తేలికగా అనిపిస్తుంది.

మూడోది నియమాల పరీక్ష. చేతిని ఒకే చోట నిలిపే పిడి అయితే బొటనవేలు చాపినప్పుడు దాని కొన గార్డు లోపలి ముఖానికి 2 సెంటీమీటర్లకు మించి దూరం ఉండకూడదు. ఫ్రెంచి పిడిని వెనక్కి జరిపి పట్టుకుని పొడవు పెంచుకోవచ్చు. ఇటాలియన్ పిడికీ, పిస్తోలు పిడికీ ఆ వీలు లేదు. పట్టు దక్కుతుంది, పొడవు పోతుంది. ఏది కావాలో ఆటగాడే తేల్చుకోవాలి. పట్టీ విషయం పోటీ రోజున ఆయుధాలు పరీక్షించే బల్ల దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి. వంతు వచ్చాక అడిగితే ఆలస్యం అవుతుంది. ఆలస్యం ఖరీదు ఏమిటో పైన రాశాం.

ఒక హెచ్చరిక కూడా. పిడి, ప్యాడు, నట్టు మనం విప్పి బిగించుకోవచ్చు. బ్లేడును మాత్రం ఆకురాయి పెట్టడం, సాన పట్టడం, వేడి చెయ్యడం చేయకండి. బ్లేడు మీద సన్నటి పగులు కనిపించినా పక్కన పెట్టేయండి. ముసుగు, జాకెట్టు లేకుండా సరదాకి కూడా కత్తి ఎత్తవద్దు.

తమ్ముడు మళ్ళీ వచ్చాడు

పిడి బిగించిన రోజు తమ్ముడికి చెప్పలేదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక వాడి మంచం మీద పెట్టాం. చూసి ఏమీ మాట్లాడలేదు. గ్లౌజు తొడుక్కున్నాడు. రెండు వేళ్ళు కడ్డీ మీదుగా వేశాడు. బొటనవేలు ఆనించాడు. పట్టీ కట్టుకోవడం ఒక్క చేత్తో రాక "అన్నా, కాస్త కట్టవా" అన్నాడు. కట్టాం. మేము స్కేలుతో బ్లేడు మీద కొట్టి చూశాం. కత్తి తిరగలేదు.

అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. మొదటి వారం చూపుడువేలు ఒరుసుకుని బొబ్బలెక్కింది. మణికట్టు నొప్పి పుట్టింది. ఈ పిడితో వేళ్ళ కదలిక తక్కువ, మణికట్టు, మోచెయ్యి పని ఎక్కువ. పాత అలవాట్లు కొన్ని వదులుకోవాలి. కనుక అందరికీ ఇదే మంచిదని మేము చెప్పడం లేదు. వేళ్ళు బాగున్న కొత్త ఆటగాడు ఫ్రెంచి పిడితో మొదలుపెట్టడమే సరైన దారి. తమ్ముడి చేతికి మాత్రం ఇది కుదిరింది.

కాలేజీల మధ్య పోటీల్లో వాడు మొదటి దశలో ఐదు బౌట్లు ఆడి రెండు గెలిచాడు. తర్వాతి దశలో 9–15తో ఓడిపోయాడు. పతకం రాలేదు. కత్తి మాత్రం ఒక్కసారి కూడా కింద పడలేదు. బస్సులో తిరిగి వస్తూ ఆ తొమ్మిది పాయింట్లు ఎలా వచ్చాయో బందరు రోడ్డు పొడవునా చెబుతూనే ఉన్నాడు. మాకు నిద్ర వస్తున్నా విన్నాం.

మేము వచ్చే ఏడాదికి ఇక్కడ ఉండం. పిడి, కత్తి, రెండు గ్లౌజులు హాస్టలుకే ఇస్తున్నాం. మొదటిసారి తప్పుగా కొన్న పిడిని కూడా అదే సంచిలో ఉంచాం, రికాసో అంటే ఏమిటో చేత్తో పట్టుకుని తెలుసుకోవచ్చు. ఆరు ప్రశ్నల కాగితం స్టోర్ రూమ్ తలుపు లోపలి వైపు అంటించాం. వాడుకున్నవారు నట్టు వదులైందో లేదో చూసి, ఇనుము మీద చెమట తుడిచి, పల్చగా నూనె రాసి మళ్ళీ గోనెసంచిలో చుట్టి పెట్టాలి. మన కృష్ణా గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు సాయంత్రం అయిదున్నరకు తమ్ముడిని కలవండి. నేర్పడానికి ఒప్పుకున్నాడు. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. అన్నగారు వదిలేసిన ఆ సగం డబ్బుతో ఒక ముసుగు కొనాలనుకుంటున్నాం. ఇంకొంచెం తక్కువ పడుతోంది.